ఎగిరే యంత్రము: కొనవలెనా, కట్టవలెనా?

రాబోవు విద్యాసంవత్సరములో మన కళాశాల విజ్ఞానశాస్త్ర విద్యార్థులు చేపట్టదలచిన పని ఒకటి కొంతకాలముగా తరగతి గదులలోను, అధ్యాపకుల గదిలోను చర్చకు వస్తున్నది. మనిషి చేతిలో మీటలు లేకుండ తనంతట తానే లేచి, దారి తెలుసుకొని, చెప్పిన పని చేసి, తిరిగివచ్చి దిగగల చిన్న ఎగిరే యంత్రమును నిర్మించుటయే ఆ పని. ఈ ప్రతిపాదన మీద మూడు రకముల మాటలు వినిపిస్తున్నవి. “మంచి డ్రోన్ ఒకటి కొని వార్షికోత్సవమునాడు ఎగురవేస్తే చాలును, కళాశాలకు పేరు వస్తుంది” అని కొందరు. “పరీక్షలు ముందు పెట్టుకొని పిల్లలకు ఈ ఆటలెందుకు” అని కొందరు. “ఇటువంటివి ఐఐటీలకు తగును గాని మనకు తగవు” అని మరికొందరు. ఈ మూడు మాటలతోను మేము ఏకీభవించలేకున్నాము. యంత్రమును కట్టవలెననియే మా అభిప్రాయము. అయితే ఎవరు కట్టవలెను, ఎట్లు కట్టవలెను, ఎంత కాలములో కట్టవలెను అను ప్రశ్నలకు ముందుగా సమాధానము వ్రాసుకొననిచో కట్టకపోవుటయే మేలనియు మా అభిప్రాయమే. ఆ సమాధానమును విద్యార్థి మిత్రుల ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు ఉంచుటకే ఈ వ్యాసము.

మొదట ఒక భేదమును గుర్తించవలెను. పెండ్లి పందిళ్ళ మీద తిరుగుచు బొమ్మలు తీసే డ్రోన్‌ను అందరమును చూసినాము. దాని క్రింద ఎక్కడో ఒక మనిషి రెండు చేతులతో పెట్టె పట్టుకొని నిలబడి ఉంటాడు. ఎటు పోవలెనో, ఎక్కడ ఆగవలెనో నిర్ణయించేది ఆ మనిషి. మేము చెప్పుచున్న యంత్రము అట్టిది కాదు. అది అనుక్షణము మూడు ప్రశ్నలు తనకు తానే వేసికొని, తానే జవాబు చెప్పుకొనవలెను. నేను నిటారుగా ఉన్నానా, ఒరిగి ఉన్నానా? నేను ఎక్కడ ఉన్నాను? నేను పోవలసిన చోటికి ఇప్పుడు ఏమి చేయవలెను? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి జవాబు తప్పినను యంత్రము నేల కూలును.

నాలుగు పంకాలు గల యంత్రములో రెండు పంకాలు కుడికి, రెండు ఎడమకు తిరుగును. ఒకదాని మెలికను ఒకటి రద్దు చేయుట వలన యంత్రము బొంగరమువలె గిర్రున తిరగక నిలకడగా ఉండును. ముందుకు పోవలెనన్నచో వెనుక పంకాల వేగము పెంచి, ముందు పంకాల వేగము తగ్గించవలెను. ఇందులో చుక్కాని లేదు, కదిలే రెక్కలు లేవు. ఉన్నదెల్లను నాలుగు మోటార్ల వేగములో హెచ్చుతగ్గులే. నెత్తిన నీళ్ళ బిందె పెట్టుకొని గట్టు మీద నడిచే స్త్రీ మెడ ఆమెకు తెలియకుండగనే క్షణక్షణము సర్దుకొనుచుండును. యంత్రములో ఆ మెడ చేసే పనిని వంపును కొలిచే చిన్న పరికరములు, వాటి లెక్కను సెకనుకు కొన్ని వందల సార్లు చూచి మోటార్లకు ఆజ్ఞలిచ్చే చిన్న కంప్యూటరు కలిసి చేయును. ఇది మొదటి ప్రశ్నకు జవాబు. రెండవది మరింత కష్టము. ఉపగ్రహముల సహాయముతో స్థానము తెలుపు జీపీఎస్ సాధారణముగా కొన్ని మీటర్ల తేడాతో పలుకును. ఆ కొన్ని మీటర్ల తేడా చాలును, మైదానములో దిగవలసిన యంత్రము వరండా మెట్ల మీద దిగుటకు. కావున క్రిందికి చూచే కెమెరా, ఎత్తును కొలిచే పరికరము తోడు కావలెను. మూడవ ప్రశ్నకు జవాబు విద్యార్థి వ్రాసే ప్రోగ్రాములో ఉన్నది.

ఎగురుట కన్న దిగుట కష్టమని చరిత్ర చెప్పుచున్నది. 9వ శతాబ్దిలో స్పెయిన్ దేశపు కర్దోబా నగరములో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అను పండితుడు రెక్కలు కట్టుకొని గాలిలోనికి దూకినాడనియు, కొంత దూరము ఎగిరినాడనియు, దిగునప్పుడు గాయపడినాడనియు 17వ శతాబ్ది చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాసినాడు. పక్షి తన తోక సహాయముతో దిగునను సంగతి ఫిర్నాస్ గమనించలేదని, తోక అమర్చుకొనలేదని ఆ కథనము. ఆ పూర్వీకుని తలచుకొని గర్వపడుట మన సభలలో పరిపాటి. గర్వపడవలసినదే. కాని ఆ కథలో మనము నేర్చుకొనవలసినది తోక సంగతి. లేచుట మీద మనసు పెట్టి దిగుటను మరచినవాని ఒంటికి గాయమే మిగులును. అదే 9వ శతాబ్దిలో బాగ్దాదులో గణితము వ్రాసిన అల్ ఖ్వారిజ్మీ పేరు నుండియే నేడు ప్రతి ప్రోగ్రాము వ్రాయువాడు పలికే ‘అల్గారిథం’ అను మాట పుట్టినది. పేరు మనము తలచుకొందుము. లెక్క మాత్రము ఇతరులు చేయుదురు. ఈ స్థితి మారవలెను.

విద్యార్థులు ఇట్టి యంత్రములు కట్టుట క్రొత్త కాదు. 1991లో అమెరికాలోని జార్జియా టెక్ విద్యాసంస్థలో రాబర్ట్ మైకెల్సన్ అను ఆచార్యుడు విశ్వవిద్యాలయ విద్యార్థుల కొరకు స్వయముగా ఎగురు యంత్రముల పోటీ ప్రారంభించినాడు. మొదట ఇచ్చిన పని వినుటకు చాల చిన్నది. మైదానమునకు ఒక ప్రక్కన ఉన్న లోహపు బిళ్ళను యంత్రము తనంతట తానే పట్టుకొని, రెండవ ప్రక్కకు చేర్చవలెను. మనిషి చేయి తగలరాదు. ఒక్క బిళ్ళను అట్లు చేర్చుటకు 1995 వరకు పట్టినది. అప్పుడు ఆ పని సాధించినది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల జట్టు. గొప్ప విశ్వవిద్యాలయములు, మంచి ప్రయోగశాలలు, తెలివైన విద్యార్థులు ఉండియు ఆ చిన్న పనికి అన్ని సంవత్సరములు పట్టినదన్న మాట మన కమిటీ పెద్దలు గుర్తుంచుకొనవలెనని మా ప్రార్థన. నేడు పరికరములు చౌకైనవి, చిన్నవైనవి, ప్రోగ్రాములు ఉచితముగా దొరుకుచున్నవి. కావున మనకు అంత కాలము పట్టదు. అయినను మూడు నెలలలో వార్షికోత్సవమునకు సిద్ధము చేయుమనుట మాత్రము న్యాయము కాదు.

2021 ఏప్రిల్ 19న అంగారక గ్రహము మీద ‘ఇంజెన్యుటీ’ అను 1.8 కిలోల చిన్న హెలికాప్టరు 3 మీటర్ల ఎత్తుకు లేచి, 39 సెకనులు గాలిలో నిలిచి, దిగినది. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో సుమారు 1 శాతము మాత్రమే. భూమి నుండి పంపిన సంకేతము చేరుటకు నిమిషములు పట్టును గనుక మనిషి దానిని మీటలతో నడుపుట అసాధ్యము. అది స్వయముగానే ఎగరవలెను. 5 సార్లు ఎగిరితే చాలుననుకొన్న ఆ యంత్రము 72 సార్లు ఎగిరినది. దాని ప్రధాన ఇంజనీరు బలరామ్ మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదివి, తరువాత మద్రాసు ఐఐటీలో చదివినవారు. ఆ యంత్రపు మెదడుగా పనిచేసినది సెల్‌ఫోనులలో వాడిన రకపు ప్రాసెసరే. మరి అది చివరకు ఎందుకు పడిపోయినది? 2024 జనవరి 18న గుర్తులేమియు లేని ఇసుక తిన్నెల మీద ఎగురుచుండగా, క్రిందికి చూచే కెమెరాకు పట్టుకొనుటకు ఆనవాలు చిక్కక, తన వేగమును సరిగా తెలుసుకొనలేక, గట్టిగా దిగి రెక్కలు విరుగగొట్టుకొన్నదని పరిశోధకులు తేల్చినారు. అంత గొప్ప యంత్రము కూడ “నేను ఎక్కడ ఉన్నాను” అను రెండవ ప్రశ్న వద్దనే తడబడినది. మన విద్యార్థులు తలపడబోవునది కూడ ఆ ప్రశ్నతోనే.

ఇక కొనుట సంగతి. నగరములలో ప్రాజెక్టులు అమ్మే దుకాణములున్నవని అందరికిని తెలియును. డబ్బు కట్టినచో యంత్రము, దానికి తగిన నివేదిక, పరీక్షాధికారి అడుగబోవు ప్రశ్నలు, వాటి జవాబులు అన్నియు కలిపి సంచిలో పెట్టి ఇస్తారు. విద్యార్థికి మార్కులు వచ్చును, తల్లిదండ్రులకు సంతోషము కలుగును, కళాశాలకు ఫోటో దొరకును. ఆరు నెలల తరువాత ఉద్యోగపు ఇంటర్వ్యూలో “ఈ తీగ ఇక్కడ ఎందుకు కలిపినావు?” అని ఒకరు అడుగుదురు. అప్పుడు ఆ విద్యార్థి తల వంచుకొనవలసి వచ్చును. చేతకాక కాదు, ఎవరును చేయనివ్వలేదు గనుక. పెద్ద కళాశాల విద్యార్థికి ఒక అవకాశము పోతే మరొకటి వచ్చును. మన కళాశాలకు వచ్చువారిలో చాలమంది ఇంట మొదటిసారి డిగ్రీ చదువుచున్నవారు. వారి చేతికి దొరకునది ఒక్క అవకాశమే. ఆ ఒక్కదానిని దుకాణములో కొన్న పెట్టెతో పూరించుట ఆ బిడ్డలకు చేయు అన్యాయము. వార్షికోత్సవమునాడు కొన్న యంత్రము ఎంత ఎత్తు ఎగిరినను మన విద్యార్థి ఒక్క అంగుళము కూడ ఎదగడు.

కట్టుటకు మనుష్యులు ఎట్లు కలిసి పనిచేయవలెనో అబ్దుల్ కలామ్ గారి విద్యార్థి జీవితములోనే దృష్టాంతమున్నది. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుచున్నప్పుడు ఆయనకు, మరి నలుగురు సహాధ్యాయులకు కలిపి తక్కువ ఎత్తున ఎగురు యుద్ధవిమానమునకు రూపకల్పన చేయు పని ఇచ్చినారు. విమానపు ఆకృతి కలామ్ గారి వంతు. ఇంజను, చట్రము, అదుపు, పరికరములు మిగిలినవారి వంతు. పని వెనుకబడినదని సంచాలకులు శ్రీనివాసన్ గారు అసంతృప్తి చెంది, మూడు దినములలో ముగించనిచో విద్యార్థి వేతనము రద్దు చేయుదునన్నారు. కలామ్ గారు రాత్రింబగళ్ళు కూర్చుండి ముగించినారు. ఈ కథను మనవారు పట్టుదలకు ఉదాహరణగా చెప్పుదురు. మేము మరొక అంశమును ఎత్తిచూపదలచినాము. అందులో ప్రతివానికి ఒక భాగము ఉన్నది, ప్రతి భాగమునకు ఒక పేరున్నది. “అందరము కలిసి చేసినాము” అనుచోట చేసినవాడు ఒక్కడే ఉండును. తక్కినవారు ఫోటోలో ఉందురు. మన జట్టులోను చట్రము ఒకరిది, విద్యుత్తు ఒకరిది, కొలతల పరికరములు ఒకరివి, ప్రోగ్రాము ఒకరిది, భద్రత ఒకరిది, లెక్కలు, రికార్డు ఒకరివి కావలెను. ఎవరి భాగమునకు వారే సంతకము చేయవలెను.

మేము కోరుచున్నది రెండు విద్యాసంవత్సరముల ప్రణాళిక. దానిని నాలుగు మెట్లుగా విభజించినాము.

మొదటి మెట్టులో యంత్రము ఎగరదు. కాగితము, త్రాసు, కంప్యూటరు మాత్రమే పని. ‘ఆర్డుపైలట్’ వంటి ఉచిత ప్రోగ్రాములలో యంత్రమును తెర మీదనే ఎగురవేసి చూచు ఏర్పాటు ఉన్నది. మన కంప్యూటరు గదిలోని సాధారణ యంత్రములే దానికి చాలును. తెర మీద వంద సార్లు కూలినను రూపాయి నష్టము లేదు. రెండవ మెట్టులో భాగములు కూర్చి, వల కట్టిన చోట చేతితో నడిపి చూడవలెను. మూడవ మెట్టులో యంత్రము తనంతట తాను ఒకే ఎత్తున నిలిచి, బ్యాటరీ తగ్గినప్పుడు గాని, సంకేతము తెగినప్పుడు గాని తానే తిరిగివచ్చి దిగవలెను. నాలుగవ మెట్టులో అసలు పని. జట్టుకు సంబంధము లేని అధ్యాపకుడొకరు మైదానములో తమకు ఇష్టమైన చోట ఒక గుర్తు గల పలకను ఉంచుదురు. యంత్రము మైదానము చుట్టి, ఆ పలకను వెదకి, దాని నడుమకు ఒక మీటరు లోపల దిగవలెను. 10 ప్రయత్నములలో 8 సార్లు దిగినప్పుడే పని అయినట్లు లెక్క. ఒక్కసారి దిగినప్పుడు వీడియో తీసి, తొమ్మిదిసార్లు తప్పినది దాచుట మా ప్రణాళికలో లేదు. ఒక మెట్టు గట్టిపడనిదే రెండవ మెట్టు ఎక్కరాదు. యంత్రము స్వయముగా ఎగురుచున్నను, దానిని తక్షణము తన వశము చేసికొనగల మీట ఒకరి చేతిలో ఎప్పుడును ఉండవలెను.

మొదటి మెట్టులో త్రాసు ఎందుకని అడుగవచ్చును. చిన్న లెక్క చూడుడు. యంత్రము బరువు 1.5 కిలోలు అనుకొందము. గాలిని తట్టుకొని తిరుగుటకు బరువుకు రెండింతలు ఎత్తగల శక్తి ఉండవలెను గనుక 4 మోటార్లు కలిసి 3 కిలోలు, ఒక్కొక్కటి 750 గ్రాములు ఎత్తవలెను. 14.8 వోల్టుల, 5 ఆంపియర్ గంటల బ్యాటరీలో ఉన్న శక్తి 74 వాట్ గంటలు. లిథియం బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయరాదు గనుక అందులో 59 మాత్రమే మనవి. గాలిలో నిలుచుటకు సుమారు 215 వాట్లు కావలెననుకొన్నచో ఎగురు కాలము 16 నిమిషములు. ఇప్పుడు ఒక విద్యార్థి ఉత్సాహముతో 300 గ్రాముల కెమెరా తగిలించినాడనుకొనుడు. బరువు పెరిగినది 20 శాతమే. కాని కావలసిన విద్యుత్తు 30 శాతమునకు పైగా పెరుగును. ఎగురు కాలము సుమారు 12 నిమిషములకు పడిపోవును. ఈ లెక్క భౌతికశాస్త్రపు మొదటి సంవత్సరము పుస్తకమునకు దూరమైనది కాదు. పరీక్షలకు అడ్డమనువారికి మా జవాబు ఇదియే: బలము, శక్తి, విద్యుత్ ప్రవాహము, త్రికోణమితి, మాత్రికలు విద్యార్థికి పుస్తకములో కన్న ఇక్కడ బాగుగా అర్థమగును. అయినను పరీక్షల నెలలో పని పూర్తిగా ఆపివేయవలెననుట మాకును సమ్మతమే.

ధనము విషయము దాచుట తగదు. ఈ పరిమాణపు యంత్రమునకు మా అంచనా 50,000 నుండి 60,000 రూపాయలు. దీనితోపాటు మరి మూడవ వంతు ప్రత్యేకముగా ఉంచవలెనని కోరుచున్నాము, అది పడిపోవుటకు. యంత్రము పడిపోవును. పంకాలు విరుగును, చట్రము పగులును, ఒకటి రెండు మోటార్లు పోవును. పడుటకు డబ్బు కేటాయించని ప్రాజెక్టులో విద్యార్థులు భయముతో యంత్రమును బీరువాలో పెట్టి, సందర్శకులు వచ్చినప్పుడు మాత్రము తీసి చూపుదురు. అది బీరువాకు అలంకారమే గాని విద్య కాదు. పడినప్పుడు ఎవరినైనను దండించరాదనియు, ఎందుకు పడినదో మూడు దినములలో వ్రాసి ఇవ్వనివారిని మాత్రము జట్టు నుండి తొలగించవలెననియు మా సూచన. లిథియం బ్యాటరీలు నిప్పు అంటుకొనగలవు గనుక వాటిని పెద్దల ఎదుటనే చార్జి చేయుట, ఇనుప పెట్టెలో ఉంచుట, ప్రక్కన ఇసుక బకెట్టు పెట్టుట మొదటి రోజు నుండియే అలవాటు కావలెను.

అన్నిటి కన్న గంభీరమైన విషయమునకు వచ్చుచున్నాము. మన కళాశాల చుట్టును ఇండ్లున్నవి. మేడల మీద స్త్రీలు బట్టలు ఆరవేయుదురు, వడియములు పెట్టుదురు, పిల్లలు పడుకొందురు. కెమెరా గల యంత్రము తమ ఇంటి మీదికి వచ్చినచో వారికి కలుగు కోపము న్యాయమైనది. అంతే గాక, మన విద్యార్థులు ఎగురవేయు యంత్రమును అనుమానముతో చూచువారును కొందరు ఉండవచ్చును. ఈ రెండింటికిని మందు ఒక్కటే: చట్టమును అక్షరాల పాటించుట, పని అంతయు బహిరంగముగా చేయుట. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమావళి ప్రకారము 250 గ్రాముల పైన 2 కిలోల వరకు గలవి ‘మైక్రో’ తరగతి యంత్రములు; మనది అందులోనిది. ప్రభుత్వ గుర్తింపు గల విద్యాసంస్థలు పరిశోధన కొరకు తమ ఆవరణలో, ఆకుపచ్చ మండలములో ఎగురవేసినచో నమోదు సంఖ్య, పైలటు లైసెన్సు మొదలగువాటి నుండి ఆ నియమావళి మినహాయింపు ఇచ్చినది. ఆకుపచ్చ మండలములో ఎత్తు పరిమితి 120 మీటర్లు. విమానాశ్రయమునకు 8 నుండి 12 కిలోమీటర్ల దూరములో 60 మీటర్లు. మన ఆవరణ ఏ మండలములో ఉన్నదో ‘డిజిటల్ స్కై’ పటములో చూచి, ఆ కాగితమును నోటీసు బోర్డు మీద అంటించవలెను. ప్రతి ఏటను నియమములు మారినవేమో మరల చూడవలెను.

చట్టము అడిగినంత చాలదని మా అభిప్రాయము. మినహాయింపు ఉన్నను పోలీసు ఠాణాకు ముందుగా వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఇరుగుపొరుగు ఇండ్ల పెద్దలను పిలిచి యంత్రమును చేతికిచ్చి చూపవలెను. కెమెరా నేలకు నిలువుగా క్రిందికే చూచునట్లు బిగించి, బొమ్మలు నిలువచేయకుండ ప్రోగ్రాము వ్రాయవలెను. ప్రహరీ గోడ దాటబోయినచో యంత్రము తానే ఆగునట్లు సరిహద్దు గీత పెట్టవలెను. పది మీటర్ల ఎత్తు మన పనికి చాలును. నూట ఇరవై ఇచ్చినారు గదా అని వాడుకొనుట అవివేకము. ఒక్క విద్యార్థి ఒక్క సాయంత్రము చేసిన చిలిపి పని కళాశాల ఏండ్ల తరబడి సంపాదించుకొన్న విశ్వాసమును పోగొట్టగలదు. ఇది భయపడి చెప్పుచున్న మాట కాదు. పొరుగువాని మనశ్శాంతి కూడ ఇంజనీరు చేయవలసిన లెక్కలలో ఒకటి.

ఇక ఎవరు కట్టవలెనను ప్రశ్న. మార్కుల జాబితాలో పైనున్న నలుగురిని పిలిచి అప్పగించుట సులభము. మేము దానిని వ్యతిరేకిస్తున్నాము. జట్టులో ఉర్దూ మాధ్యమము నుండి వచ్చినవారు, తెలుగు మాధ్యమము నుండి వచ్చినవారు సమముగా ఉండవలెను. లెక్కలు వ్రాయుటకు కామర్సు విద్యార్థి, రికార్డు వ్రాయుటకు సాహిత్య విద్యార్థి ఉండవలెను. టంకము పెట్టుట తెలిసిన రేడియో మెకానిక్ కుమారుడు, వడ్రంగి కుమారుడు మన తరగతులలోనే ఉన్నారు. ఇండ్లలో నేర్చిన ఆ చేతిపనికి ఇన్నాళ్ళు మన ప్రయోగశాలలో గౌరవము దొరకలేదు. ఇప్పుడైనను దొరకవలెను. విద్యార్థినుల విషయము మరియు ముఖ్యము. 2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వము 15,000 మహిళా స్వయంసహాయక సంఘములకు పొలములలో మందు చల్లు డ్రోన్లు ఇచ్చు పథకమును ఆమోదించినది. స్త్రీలు డ్రోన్లు నడుపుట మంచిదే. కాని ఇతరులు కట్టినదానిని నడుపుటతో ఆగరాదు. మన జట్టులో విద్యార్థినులకు పోస్టరు అతికించే పని, అతిథులకు పూలగుత్తులిచ్చే పని ఇచ్చి పంపక, ప్రోగ్రాము వ్రాయు పని, మీట పట్టుకొను పని ఇవ్వవలెను. పని వేళలు పగటిపూటనే ఉండినచో ఏ తల్లిదండ్రులకును అభ్యంతరము ఉండదు.

ప్రాజెక్టు రికార్డు ఉర్దూలోను, తెలుగులోను వ్రాయవలెనని మా కోరిక. ఆంగ్లము రాని కారణమున ఏ విద్యార్థియు దూరము కారాదు. శాస్త్రము మన భాషలలో సాధ్యము కాదనువారు హైదరాబాదు చరిత్ర ఎరుగనివారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ బోధనా భాషగానే ఆరంభమైనది. దాని కొరకు ఏడాది ముందే అనువాద విభాగము నెలకొల్పి శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెచ్చినారు. 1968లో తెలుగు అకాడమి స్థాపించి తెలుగులో పాఠ్యగ్రంథములు తెచ్చినారు. ఉర్దూలో ప్రయోగమునకును, అనుభవమునకును ‘తజ్రిబా’ అను ఒక్కటే మాట. తెలుగులో రెండు మాటలున్నవి గనుక ప్రయోగము చేయకయే అనుభవము వచ్చునని భ్రమపడుటకు మనకు వీలు చిక్కినది కాబోలు. ఒక భాష విద్యార్థి రెండవ భాష విద్యార్థికి ఇట్టి మాటలు చెప్పుకొనుచు పనిచేసినచో, యంత్రము సంగతి ఎట్లున్నను, ఒకే గోడ పంచుకొనియు ఒకరికొకరు తెలియని రెండు తరగతి గదులు దగ్గరగును.

“ఐఐటీలకు తగును గాని మనకు తగవు” అను మాటకు వేరుగా జవాబు అక్కరలేదు. ప్రోగ్రాము ఉచితము, భాగములు బజారులో దొరకునవి, లెక్క మన పాఠ్యపుస్తకములోనిది. ఇక లేనిది కట్టుటకు అనుమతి, కాలము, పడిపోయినప్పుడు కసరక “ఎందుకు పడినది?” అని అడిగే పెద్దలు. ఈ మూడును కళాశాల కమిటీ ఇవ్వగలదు.

కావున కమిటీ పెద్దలకు మా మనవి నాలుగు మాటలలో ముగించెదము. జూలైలో తరగతులు మొదలగుటకు ముందే రెండేండ్ల ప్రణాళికను ఆమోదింపుడు. ధనమును మెట్టు మెట్టుకు విడుదల చేయుడు. మెట్టు గట్టిపడనిచో ఆపివేయుడు. భద్రతకు ఒక అధ్యాపకుని నియమించి, ఎగురవేయుట ఆపు అధికారము వారికే ఇండు. మొదటి ఏడాది వార్షికోత్సవములో యంత్రమును ఎగురవేయుమని మాత్రము అడుగవలదు. విద్యార్థి మిత్రులకు మనవి ఒక్కటే: పేరు కొరకు రావలదు, పనికి రండు. వచ్చువారు ఆగస్టు నెలంతయు తీగలు, త్రాసు, లెక్కలు తప్ప మరేమియు చూడబోరు. ఆ నెల తరువాత కూడ మిగిలినవారే మన జట్టు. వారి పేర్ల ప్రక్కన వారు చేసిన భాగమును, తప్పిన ప్రయత్నముల సంఖ్యను కలిపి వచ్చే ఏటి సంచికలో ప్రకటించవలసినదిగా సంపాదకవర్గమును కోరుచున్నాము.